మొదటి ఉడుకు

మా లోయలో ఉప్పు లారీ రోడ్డెక్కిందంటే మోటారు సైకిళ్లు కొట్టాల్లోకి వెళ్లిపోతాయి. అక్టోబరు నెలాఖరునో నవంబరు మొదట్లోనో, రోడ్డు మొదటిసారి గడ్డకట్టబోయే సాయంత్రం, పసుప్పచ్చ లారీ కొండ దిగుతూ వెనకనుంచి ఎర్రటి గళ్లుప్పు చిమ్ముకుంటూ పోతుంది. మంచు కరగాలి, మనుషులు జారిపడకూడదు, అంతవరకూ మంచిదే. కానీ ఆ ఉప్పు మార్చి దాకా రోడ్డు మీదే ఉంటుంది. తడిసి బురదై, చక్రం చిమ్మినప్పుడల్లా ఇంజను కిందికీ, స్పోకుల మొదళ్లలోకీ, మడ్‌గార్డు మడతల్లోకీ వెళ్లి కూర్చుంటుంది. చెద కర్రను తిన్నట్టు ఇనుమును తింటుంది, చప్పుడు చెయ్యకుండా.

దానికి మా నాన్న జాస్పర్ ఆల్డర్సన్ దగ్గర ఒకటే మందు. ఊలు జిడ్డు.

మాకు నూట నలభై గొర్రెలు. మెడ కింద, కడుపు కింద కత్తిరించిన ఊలును కొనే నాథుడు ఉండడు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, సెప్టెంబరులో పెరట్లో రాగి కాగులో ఉడకబెడతాం. పైకి తేలిన జిడ్డును గరిటతో తీసి గుడ్డలో వడగడితే ఒక జాడీ నిండుతుంది. అది మొదటి ఉడుకు. చూస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. కాలేదు. గొర్రె ఏడాది పొడుగునా పోసిన చెమటంతా అందులోనే ఉంది, చెమటలో ఉన్నదంతా ఉప్పే. ఆ జిడ్డును మళ్లీ కరిగించి, మంచినీళ్లు పోసి కలియబెట్టి, చల్లారాక అడుగున నిలిచిన నీళ్లు పారబొయ్యాలి. మళ్లీ కరిగించాలి. అలా ఐదు నీళ్లు, ఒక్కోసారి ఆరు. ఎప్పుడు ఆపాలో చెప్పేది నాలుకే. చప్పగా ఉంటే అయినట్టు. నా చిన్నప్పుడు నాన్న చెక్క చెంచా నా మొహం ముందు పెట్టి, "ఏం చెప్తోంది అమ్మడూ?" అనేవాడు. నేను మూతి వంకర్లు తిప్పి ఇంకో నీళ్లు పొయ్యాలంటే, ఎంత పొద్దుపోయినా సరే ఇంకో నీళ్లు పడేవి.

అలా తీసిన జిడ్డును వెచ్చబెట్టి కుంచెతో మూడు పూతలు వేస్తే ఇక ఆ బండిని సముద్రంలో ముంచినా భయం లేదు. అక్టోబరు మొదటి ఆదివారం ఊళ్లో బండి ఉన్నవాళ్లంతా ఖాళీ జాడీలు పట్టుకుని మా పెరట్లో వరస కట్టేవాళ్లు. ఒకరు నల్లపళ్ల జామ్ తెచ్చేవారు, ఒకరు కూలిన రాతి గోడ పేర్చడానికి ఒక పూట వచ్చేవారు. ముప్ఫై జాడీలకు తక్కువ ఎప్పుడూ లేదు.

నాన్న బండి వయసులో నాకంటే పెద్దది. ముప్ఫై ఒక్క చలికాలాలు దాని మీదే రాతి క్వారీకి వెళ్లొచ్చాడు, ఉప్పులోనే, మంచులోనే. పని మానేశాక మాత్రం అందరిలాగే చలికాలం దాచిపెట్టేవాడు. దాచేరోజున మీటరులో ఎన్ని మైళ్లుందో సుద్దముక్కతో కొట్టం దూలం మీద రాసేవాడు. బండి మీద ఎక్కడ వేలు పెట్టినా నల్లటి నునుపు తప్ప తుప్పు చుక్క తగిలేది కాదు.

ఆయనకు పక్షవాతం వచ్చింది ఒక నవంబరు మొదటి వారంలో. అప్పటికి బండికి పూతలు వేసి, దూలం మీద అంకె రాసి నెల కావస్తోంది. నేను ఆసుపత్రికీ గొర్రెలకీ మధ్య పరుగులు పెడుతుండగా గాలివానకి కొట్టం రేకులు లేచిపోయాయి. అప్పుడు వచ్చాడు రోలండ్ కాల్వర్ట్.

రోలండ్ ఇల్లు వాగుకి అవతలి గట్టు మీద. మోటారు సైకిళ్ల సంఘానికి కార్యదర్శి. ఎవరింటికి వెళ్లినా టీ కప్పు పిడిని రుమాలుతో తుడిచి గానీ పట్టుకోడు. బండి సంగతి తనకొదిలెయ్యమన్నాడు, తన గరాజు పొడిగా ఉంటుందనీ, జాస్పర్ లేచి నడిచే రోజుకి భద్రంగా అప్పజెప్తాననీ అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను. అలా పట్టుకున్నందుకు ఈ రోజుకీ నా చేతుల మీద నాకు కోపం.

ఏప్రిల్లో బండి తెచ్చాడు. కొత్తగా నల్లరంగు కొట్టి, తళతళలాడుతూ. కర్ర పట్టుకుని నడుస్తున్న నాన్న, అలవాటు ప్రకారం ముందు వెనక మడ్‌గార్డు కిందికే చెయ్యి పోనిచ్చాడు. కుడి చెయ్యి పనిచెయ్యదు కాబట్టి ఎడమ చెయ్యి. బొటనవేలు ఆనించి కొంచెం నొక్కాడు. వేలు ఇనుములోంచి ఇవతలికి వచ్చింది. చప్పుడు కూడా రాలేదు, ఎండుటాకులోంచి దిగినట్టు దిగింది. వేలు వెనక్కి తీసుకుని, దానికంటిన ఎర్రపొడిని చూస్తూ ఉండిపోయాడు.

పక్కనే ఉన్న రోలండ్ నాన్న భుజం మీద చెయ్యేశాడు.

"చెయ్యి వణికి ఒక పూత మర్చిపోయుంటావు జాస్పర్. వయసు."

నాన్న తల ఊపాడు.

నేను దాన్ని ఎంతకాలమైనా క్షమించలేను, ఆ తల ఊపడాన్ని. పూత వేసిన అక్టోబరులో నాన్న చెయ్యి నిక్షేపంలా ఉంది. కానీ పక్షవాతం కాలూ చెయ్యీతో ఆగదు. మనిషికి తన మీద తనకుండే నమ్మకాన్ని కూడా పడగొడుతుంది. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ నాన్న కొట్టంలో అడుగు పెట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నట్టుండి, "మూడు పూతలూ వేశానా అమ్మడూ? నువ్వు చూశావా?" అని అడిగేవాడు. ఆ రోజు నేను పొట్టేళ్ల సంతలో ఉన్నాను, చూడలేదు. వేశావు నాన్నా అనేదాన్ని. నేను చూడలేదని ఆయనకు తెలుసు.

రోలండ్ మాట ఊరంతా తిరిగింది. ముసలాయన చెయ్యి పోయింది, జిడ్డు కూడా పూర్వంలా తియ్యడం లేదు అని. రోలండ్ సంఘం కూడినప్పుడల్లా తుప్పు పట్టకుండా కొట్టుకునే, దుకాణంలో దొరికే డబ్బా స్ప్రే గురించి చెప్పేవాడు. మా పెరట్లో వరస ముప్ఫై జాడీల నుంచి తొమ్మిదికి వచ్చింది. నాన్న కిటికీలోంచి ఆ తొమ్మిది జాడీలూ లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో పోయాడు, తానే ఒక పూత మర్చిపోయానన్న నమ్మకంతోనే.

మే నెలలో కొట్టానికి సున్నం వేద్దామని నిచ్చెన ఎక్కాను. దూలం మీద నాన్న రాసిన చివరి అంకె కనబడింది. నలభై ఎనిమిది వేల రెండొందల పన్నెండు. నిచ్చెన దిగి బండి మీద కప్పిన గోనె తీసి మీటరు చూశాను. యాభై వేల అరవై ఏడు.

నాన్న ఆసుపత్రి మంచం మీదున్న ఐదు నెలల్లో ఆ బండి పద్దెనిమిది వందల మైళ్ల పైన తిరిగింది.

మా వైపు కొందరికి ఒక అలవాటుంది. తమ మంచి బండిని చలికాలమంతా దాచిపెట్టి, ఉప్పులో తిప్పడానికి ఒక పాత బండిని ఉంచుకుంటారు. పోతే పోతుంది అనుకునే బండి. దాన్ని చలికాలపు గాడిద అంటారు. మా నాన్న బండిని రోలండ్ తన చలికాలపు గాడిదను చేసుకున్నాడు. ఆ పూతలు ఊడాయంటే దారి ఒకటే. ఉప్పు బురద కనబడకుండా సోడా కలిపిన వేణ్ణీళ్లతో కడిగి, నాన్న వేసిన మూడు పూతలనూ తనే ఊడగొట్టి, తడి ఆరకముందే ప్లాస్టిక్ పట్టా కప్పి, పొద్దున్నే ఊరు లేవకముందే మళ్లీ ఉప్పులోకి తోలాడు. చివర్లో తుప్పు మీద రంగు కొట్టి తెచ్చి ఇచ్చాడు.

వెళ్లి ఆయన గేటు దగ్గర నిలబడి రెండు అంకెలూ చెప్పాను. ఆయన ఏదో ఇత్తడి గొట్టానికి మెరుగు పెడుతున్నాడు. తల ఎత్తకుండా విన్నాడు.

"మీ నాన్న చేతి వణుకు నువ్వూ చూశావుగా," అన్నాడు. "పూత మర్చిపోయినవాడు అంకె మాత్రం సరిగ్గా రాశాడంటావా?"

మళ్లీ గొట్టం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి నేను చెప్పింది ఒక్క మావిస్‌కే. పబ్ నడుపుతుంది, నాతో బడికి వచ్చిన మనిషి. ఊరందరి ముందూ కడిగేద్దాం పదవే అంది. సుద్దముక్కని ఎవడు నమ్ముతాడు, ఊరుకోమన్నాను. నేనూ ఊరుకున్నాననే అనుకుంది మావిస్.

ఆ అక్టోబరులో నేను పొట్టేళ్ల సంత నుంచి వచ్చి పాలగదిలో చూస్తే, అరుగు మీది జాడీలో జిడ్డు రెండు వేళ్లు తగ్గి ఉంది. నేను తీస్తే పైన చెంచా గుంటలు అలాగే ఉంటాయి. ఇక్కడెవరో పైభాగాన్ని నున్నగా సర్ది, జాడీ అంచు గుడ్డతో తుడిచి మరీ పెట్టారు. దొంగతనం చేసి అంచు తుడిచే మనిషి మా లోయలో ఒక్కడే. సంత రోజున మా ఇంట్లో ఎవరూ ఉండరని, మా తలుపులకి తాళాలు ఉండవని అందరికీ తెలుసు.

తర్వాతి వసంతంలో పబ్ వెనక వాకిట్లో అందరి మధ్యా రోలండ్ బండి తుడుస్తుంటే మావిస్ ముక్కు ఎగబీల్చి, "నీ డబ్బా స్ప్రే హెస్టర్ వాళ్ల పొట్టేలు కంపు కొడుతోందేమోయ్," అని నన్ను చూపించి ఎకసెక్కం చేసింది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నేను నవ్వలేదు. మా నాన్న జిడ్డు పనికిరాదని ఊరంతా చెప్పిన మనిషి, ఆ జిడ్డే తన బండికి పూసుకుంటున్నాడు.

రెండో ఏడూ దొంగిలించాడు. అప్పటికి ఆయన ఒక పాత బండిని నాలుగేళ్లుగా బోల్టు బోల్టూ విప్పి కడుతున్నాడు. మా తాతల కాలం నాటిది, ట్యాంకు నిండా అద్దంలాంటి క్రోము పూత. మే నెలలో జరిగే పాత బండ్ల ప్రదర్శనలో కప్పు దానికేనని ఊరూ వాడా చెప్పుకుంటున్నాడు. అది పూర్తయ్యే దాకా నేను ఆగాను.

మూడో అక్టోబరులో సంతకి బయల్దేరే ముందు పాలగదిలో చిన్న మార్పు చేశాను. ఐదు నీళ్లు పోసిన జాడీని తీసుకెళ్లి నా మంచం కింద పెట్టాను. మొదటి ఉడుకు జాడీని అరుగు మీద పెట్టాను. అంతే. అబద్ధం ఆడలేదు, ఎవరికీ ఏమీ అంటగట్టలేదు. నా జాడీ నా అరుగు మీద పెట్టుకున్నాను. రెంటికీ రంగు ఒకటే, కంపు ఒకటే. తేడా తెలిసేది నాలుకకే. కప్పు పిడి తుడుచుకునే మనిషి గొర్రె జిడ్డు నాలుక మీద పెట్టడు.

సాయంత్రం వచ్చి చూశాను. ఈసారి నాలుగు వేళ్లు తగ్గింది. అంచు తుడిచి ఉంది.

రెండు కొత్త మేకులు తీసి, ఒకటి మంచి జిడ్డులో, ఒకటి మొదటి ఉడుకులో ముంచి దారం కట్టి వంటింటి కిటికీకి వేలాడదీశాను. క్రిస్మస్‌కి రెండో మేకు మీద గోధుమరంగు చుక్కలు లేచాయి. రోజూ పొద్దున్నే టీ తాగుతూ దాన్ని చూసేదాన్ని. ఆ చలికాలం నాకు టీ ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను.

జనవరి మధ్యలో ఒక పగటిపూట, మా గొర్రెల ట్రెయిలరు మంచులో జారి కాలవలోకి ఒరిగిపోయింది. లోపల చూలుతో ఉన్న గొర్రెలు పన్నెండు. నేనొక్కదాన్నే పారతో తంటాలు పడుతుంటే, వాగు అవతలినుంచి చూసినట్టున్నాడు, రోలండ్ ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. అడక్కుండానే గొలుసు తగిలించి లాగాడు. గంట పట్టింది. ఒక్క గొర్రెకీ దెబ్బ తగల్లేదు. చేసినదాన్ని కాదనను. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. కప్పు పిడి తుడుచుకుని తాగాడు. ఆయన తల వెనకే కిటికీ, కిటికీలో రెండు మేకులు.

నా మనసు మెత్తబడింది. ఇంకా వేళ మించిపోలేదు. ఇంటికెళ్లి ఆ జిడ్డు తుడిచేసి మంచిది పూసుకుంటే బండి చాలావరకు దక్కుతుంది. ఈ ఏడు బండికి ఏం పూశావని అడిగాను. డబ్బా స్ప్రేయేనన్నాడు, కనురెప్ప కొట్టకుండా. ఏది పూసినా ముందు నాలుక మీద పెట్టి చూడాలని నాన్న అనేవాడన్నాను.

"మీ నాన్న గొర్రెల్లో పుట్టి గొర్రెల్లో పెరిగాడు హెస్టర్," అన్నాడు రోలండ్. "నేను పళ్లెంలో పెట్టిందే తింటాను."

అయినా ఇంకొంచెం ఆగి చూశాను. నాన్న గురించి ఒక్క మంచి మాట, ఒక్కటంటే ఒక్కటి ఆయన నోట వస్తే చెప్పేద్దామనుకున్నాను. ఆయన లేచి చేతితొడుగులు వేసుకుంటూ కొట్టం వైపు చూశాడు. జాస్పర్ బండి ఇంకా ఉంచావా, అది ఉత్త పాత ఇనుము కదా, తన ట్రాక్టరులో వేస్తే పడేసి వస్తానన్నాడు.

ట్రెయిలరు లాగినందుకు మళ్లీ థాంక్స్ చెప్పి పంపించాను. చేతులు మాత్రం పట్టుకోలేదు.

మార్చిలో రెండు పెద్ద వానలు పడి రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయాక, ఒక ఆదివారం పొద్దున మావిస్ పబ్ వెనక వాకిట్లో తుడుపు జరుగుతుంది. బండ్లన్నీ అక్కడికి నడిపించుకొచ్చి, కిరసనాయిలు గుడ్డలతో చలికాలపు పూత అందరూ కలిసి తుడుస్తారు. మావిస్ బేకన్ రొట్టెలు, టీ అందిస్తుంది. ఎవరి బండి ఎలా బయటపడుతుందో చూడ్డమే ఆ రోజు సరదా. ఆ ఏడు రోలండ్ నాలుగేళ్లు కట్టిన తన పాత బండిని వాకిలి నడిమధ్య నిలబెట్టాడు. జిడ్డు కింద అది మసగ్గా మెరుస్తోంది. కొత్త గుడ్డ తీసి, మడతపెట్టి, ట్యాంకు మీద మొదటి చెయ్యి వేశాడు.

కాచిన పాల మీద మీగడ లేచినట్టు క్రోము పొర గుడ్డతో పాటు లేచి వచ్చింది. కింద గోధుమరంగు గుంటలు. ఆయన ఇంకోచోట తుడిచాడు. అక్కడా అంతే. స్పోకులు తుడిచాడు, మొదళ్లన్నీ ఎర్రగా పూసి ఉన్నాయి. గట్టిగా తుడవడం మొదలుపెట్టాడు, గట్టిగా తుడిచినకొద్దీ ఊడి వస్తోంది. చుట్టూ మా పెరట్లో తీసుకెళ్లిన జిడ్డు పూసుకున్న తొమ్మిది బండ్లు కొత్త చెంబుల్లా మెరుస్తున్నాయి.

నాన్నతో క్వారీలో పనిచేసిన విల్ఫ్ పీకాక్ పెద్దాయన దగ్గరికొచ్చి వంగి చూసి, "ఏం పూశావోయ్ దీనికి?" అన్నాడు.

రోలండ్ తల ఎత్తాడు. విల్ఫ్‌ని చూడలేదు, నన్ను చూశాడు. టీ కప్పు పట్టుకుని గోడకానుకుని ఉన్న నన్ను. ఆయన నాలుక మెల్లగా బయటికొచ్చి కింది పెదవిని తడిపింది. జనవరిలో నేనన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది ఆయనకు. తెలియడం నేను కళ్లారా చూశాను. జాస్పర్ జిడ్డు అంటే దొంగతనం బయటపడుతుంది, పైగా అదే జిడ్డు పూసిన తొమ్మిది బండ్లు పక్కనే ఉన్నాయి.

"డబ్బా," అన్నాడు. "డబ్బా స్ప్రే."

నేను కప్పు గోడ మీద పెట్టి నడిచి వెళ్లాను. ఆ ట్యాంకు మీద ఎడమ బొటనవేలు ఆనించి, చివరి నుంచి చివరికి రాశాను. వేలికంటిన ఎర్రపొడిని అందరికీ కనబడేలా చూసుకున్నాను. ఆయన భుజం మీద చెయ్యేశాను.

"చెయ్యి వణికి ఒక పూత మర్చిపోయుంటావు రోలండ్. వయసు."

మావిస్ చేతిలో రొట్టెల పళ్లెం అలాగే ఆగిపోయింది. ఆ మాట మొదట ఎవరిదో, ఎవరికి తగిలిందో విల్ఫ్‌కి గుర్తుంది. ముసలాయన నా వైపు ఒకసారి చూసి, వెళ్లి తన బండి తుడుచుకున్నాడు.

మే ప్రదర్శనలో కప్పు వేరే ఊరి మనిషి పట్టుకుపోయాడు. రోలండ్ వేసవంతా ఖర్చుపెట్టి మళ్లీ క్రోము పూయించాడని విన్నాను. డబ్బా స్ప్రే మాత్రం మా లోయలో ఎవరూ కొనడం లేదు.

మొన్న అక్టోబరు మొదటి ఆదివారం మా పెరట్లో ముప్ఫై నాలుగు జాడీలు వచ్చాయి. వరసలో చిట్టచివర రోలండ్ నిలబడ్డాడు, గాజు సీసా పట్టుకుని, సీసా మూత రుమాలుతో పట్టుకుని. వస్తాడని నాకు తెలుసు. తన బండికి ఇది తప్ప దిక్కులేదు, దొంగిలించే ధైర్యమూ లేదు. పాలగదిలో ఏ జాడీ ఏదో తెలిసింది నాకొక్కదానికే.

జాడీలు నిండినవాళ్లు కూడా ఇళ్లకు పోకుండా ఆగారు. రోలండ్ వంతు వచ్చింది. నేను సీసా అందుకోలేదు. నాన్న చెక్క చెంచాతో జిడ్డు తీసి ఆయన మొహం ముందు పెట్టాను. ఆయన చెంచాను చూశాడు, నన్ను చూశాడు, వెనక నిలబడ్డ జనాన్ని చూశాడు. నోరు తెరిచాడు. నాలుక మీద పెట్టాను. గుటక వేసేదాకా చెంచా వెనక్కి తియ్యలేదు.

"ఏం చెప్తోంది?" అన్నాను.

"చప్పగా ఉంది."

"మా నాన్న ఎన్ని పూతలు వేశాడు?"

రోలండ్ నేలకేసి చూశాడు. వెనకనుంచి విల్ఫ్ పీకాక్ దగ్గాడు.

"మూడు," అన్నాడు రోలండ్.

గట్టిగా చెప్పమన్నాను. గట్టిగానే చెప్పాడు, జాస్పర్ మూడు పూతలూ వేశాడని, వాటిని ఊడగొట్టింది తనేనని. రెండో మాట నేను అడగలేదు, దానంతటదే వచ్చింది.

ఆయన సీసా అందుకుని సగం నింపాను. సగమేమిటన్నట్టు చూశాడు. మిగతా సగానికి వచ్చే అక్టోబరు రమ్మన్నాను. ఇదే వరసలో నిలబడి, ఇదే చెంచా నాకి, ఇదే మాట మళ్లీ చెప్పి పట్టుకెళ్లమన్నాను.